ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క పావుగంట

మన విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టు అనుకోండి. బిల్లింగు ఉబుంటు అనే లినక్సు మీద నడుస్తోంది. అది పెట్టిన కుర్రాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. సోమవారం పొద్దున్నే మిషను పాస్‌వర్డ్ తప్పంటోంది. ఎవరినైనా పిలిస్తే ఓనరు నోట వచ్చే మొదటి మాట: "ఏటి బాబూ, ఫార్మాట్ కొట్టీమంటావేటి?"

"కొట్టేద్దాం బాబాయ్" అనే జవాబు అంత సులువుగా ఎందుకొస్తుందో తెలుసు. ఫార్మాటుకి రేటుంది, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పొచ్చు, పెన్‌డ్రైవ్ గుచ్చి టీకి వెళ్లి రావచ్చు. తాళం ఎక్కడ పడిందో వెతకడానికి రేటు లేదు. పది నిమిషాల్లో దొరికితే "పది నిమిషాలకి అంత డబ్బా" అంటారు, రెండు గంటలు పడితే పని రాదంటారు. ద్వారకానగర్‌లో కొట్టు పెట్టుకుని అద్దె కట్టుకునేవాడి లెక్క అది, దాన్ని తప్పుపట్టను. కానీ ఆ లెక్కలో కొట్టువాడి మూడేళ్ల బిల్లుల డేటాబేసు లేదు. నా వాదన ఇంతే: లినక్సు మిషను లోపలికి రానివ్వకపోతే ఫార్మాట్ దాదాపు ఎప్పుడూ అనవసరం. అంతకంటే ముఖ్యంగా, పాస్‌వర్డ్ మార్చడం కూడా మొదటి పని కాదు. ముందు ఏ తాళం పడిందో చూడాలి. "పాస్‌వర్డ్ పోయింది" అని వచ్చే కేసుల్లో చాలావాటిలో పాస్‌వర్డ్ నిక్షేపంలా ఉంటుంది.

ఇంకో మాట. కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలే, పెద్దక్షరం అని చెప్పినచోట తప్ప. పాస్‌డబ్ల్యుడి అంటే "పాస్" పక్కన డబ్ల్యు, డి. మిగతావీ అలాగే పోల్చుకోండి.

మొదట కీబోర్డు. నవ్వకండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టుకున్న మిషన్లలో లాగిన్ తెర మీద కూడా అదే లేఅవుట్ కూర్చుని ఉండొచ్చు. మీరు కొట్టే ప్రతి అక్షరం తెలుగు అక్షరంగా వెళ్తుంది, తెర మీద మాత్రం చుక్కలే కనిపిస్తాయి. లాగిన్ తెరకి ఒక మూల "టిఇ" అనో "ఇఎన్" అనో చిన్న గుర్తుంటుంది, దాన్ని నొక్కి మార్చండి. నమ్‌లాక్ సంగతీ అంతే. పాస్‌వర్డ్‌లో అంకెలుండి, వాటిని కుడిపక్క నంబర్ ప్యాడ్ మీద కొట్టే అలవాటుంటే నమ్‌లాక్ ఆఫైన రోజు మిషను మిమ్మల్ని గుర్తుపట్టదు. చూసుకోవడానికి సులువైన దారి: పాస్‌వర్డ్‌ని యూజర్ పేరు అడిగే గడిలో ఒకసారి కొట్టి కళ్లారా చూడండి, వెంటనే చెరిపేయండి. పక్కన ఎవరూ లేనప్పుడు చేయండి.

రెండోది, తప్పు పాస్‌వర్డ్ పదేపదే కొట్టినందుకు పడిన తాళం. లాగిన్‌ని తనిఖీ చేసే పామ్ అనే భాగంలో ఫెయిల్‌లాక్ అనే మాడ్యూల్ ఉంటుంది. ఆర్చ్ లినక్సులో అది ముందే ఆన్ అయి ఉంటుంది, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఆఫీసువాళ్లు కావాలని ఆన్ చేస్తారు. మామూలు సెట్టింగులో మూడు తప్పులకి 600 సెకన్లు మూసేస్తుంది. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా "తప్పు" అనే అంటుంది. మనిషికి కంగారెక్కి ఇంకో నాలుగు రకాలుగా కొడతాడు, చివరికి పాస్‌వర్డే మారిపోయిందని నిశ్చయానికి వస్తాడు. చేయాల్సింది చేతులు కట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం. లేదా రీబూట్ చేయడం, ఎందుకంటే ఆ లెక్క రన్ అనే తాత్కాలిక డైరెక్టరీలో ఉంటుంది, మిషను ఆగితే చెరిగిపోతుంది. ఇంకో అడ్మిన్ ఎవరైనా లోపల ఉంటే ఫెయిల్‌లాక్ --యూజర్ పేరు --రీసెట్ అని కొడితే చాలు.

మూడోది గడియారం. ఇది మన ఊరికి కాస్త దగ్గరి విషయం. సముద్రపు ఉప్పుగాలికి లోహం త్వరగా తుప్పు పడుతుంది, మదర్‌బోర్డు మీద సిఆర్2032 నాణెం బ్యాటరీ పట్టే క్లిప్పు కూడా లోహమే. బ్యాటరీ అయిపోయినా, క్లిప్పు పట్టు వదిలినా, కరెంటు పోయి వచ్చాక గడియారం ఏ పాత తేదీకో వెళ్తుంది. ఒట్టి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యేవాళ్లకి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. ఫోన్లో ఆరంకెల కోడ్ చూసి కొట్టేవాళ్లు మాత్రం బయటే ఉండిపోతారు. ఆ కోడ్ 30 సెకన్లకి ఒకటి మారుతుంది, రెండు వైపులా గడియారాలు కలిస్తేనే ఒప్పుతుంది. ఆఫీసు డొమైన్‌కి కట్టిన మిషన్లలో కెర్బెరోస్ అనే లాగిన్ పద్ధతి మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఊరుకుంటుంది. బయోస్‌లోకి వెళ్లి తేదీ, టైము సరిచేయండి, బ్యాటరీ మార్చండి. లినక్సు మామూలుగా బయోస్ గడియారాన్ని యుటిసిగా, అంటే గ్రీనిచ్ టైముగా చదువుతుందని మరిచిపోకండి, మన టైముకి అయిదున్నర గంటలు తగ్గించి పెట్టాలి. గూగుల్ ఆథెంటికేటర్ పామ్ మాడ్యూల్ పెట్టిన రోజున అయిదు ఎమర్జెన్సీ కోడ్లు చూపించి ఉంటుంది, ఒక్కోటి ఎనిమిదంకెలు. ఎక్కడైనా రాసుకున్నారేమో వెతకండి.

నాలుగోది డిస్కు నిండిపోవడం. పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకుంటుంది, తెర ఒకసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది. తప్పు పాస్‌వర్డ్ అని చెప్పదు, అదే ఆనవాలు. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 నొక్కి టెక్స్టు తెరలో లాగిన్ అయి డిఎఫ్ -హెచ్ కొట్టండి. ఇఎక్స్‌టి4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటుని రూట్ (మిషను మీద అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) కోసం దాచి ఉంచుతుంది, అందుకే మామూలు యూజర్ ఊపిరాడక బయటపడినా రూట్ తిరగగలడు. పాత లాగ్‌లు తీసేస్తే లాగిన్ తనంతట తనే బాగవుతుంది.

ఇక అసలు సిసలు కేసు. పాస్‌వర్డ్ పనిచేస్తుంది, లాగిన్ అవుతారు, రూట్ అధికారంతో పని చేయించే సుడో కమాండ్ అంటే మాత్రం "ఈ యూజర్ సుడోయర్స్ ఫైల్లో లేడు" అంటుంది. నిన్నటిదాకా ఉన్నవాడు ఇవాళ ఎలా లేడు? నిన్న ఎవరో డాకర్‌కో (ప్రోగ్రాములని విడి డబ్బాల్లో నడిపే సాధనం), ప్రింటర్‌కో అనుమతి ఇవ్వడానికి యూజర్‌మాడ్ -జి డాకర్ అని కొట్టారు. అందులో జి పెద్దక్షరం. ఆ ఆప్షన్‌కి అర్థం "ఈ గ్రూపులో చేర్చు" కాదు, "ఇకనుంచి ఇతని అదనపు గ్రూపులు ఇవే" అని. డాకర్‌లో చేరాడు, సుడో గ్రూపు నుంచి ఊడిపోయాడు. చిన్న ఎ కలిపి -ఎజి అని కొట్టి ఉంటే పాతవి ఉండేవి. ఒక్క అక్షరం. దీని అసలు ఇబ్బంది ఏమిటంటే, అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్లో ఏమీ తెలియదు. ఆ సెషన్ మొదలైనప్పుడు ఉన్న గ్రూపులే దానికి గుర్తుంటాయి. లాగౌట్ అయి మళ్లీ వచ్చాకే బయటపడుతుంది. కాబట్టి ఇలాంటి అనుమానం వచ్చిన క్షణాన తెరిచి ఉన్న పాత టెర్మినళ్లలో ఒక్కటీ మూయకండి. వాటిలో సుడో ఇంకా పనిచేసే అవకాశం ఎక్కువ, అక్కడి నుంచే తప్పు దిద్దుకోవచ్చు. డెబియన్ కుటుంబంలో గ్రూపు పేరు సుడో, ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో వీల్.

డెబియన్ కొత్తగా వేసినవాళ్లకి ఇదే మాట ఇంకో కారణంగా కనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడిగితే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఇస్తే మొదటి యూజర్‌ని సుడో గ్రూపులో చేర్చదు, ఖాళీగా వదిలితేనే చేరుస్తుంది. అక్కడ లోపమేమీ లేదు, ఎస్‌యు - కొట్టి ఆ రూట్ పాస్‌వర్డ్ ఇస్తే సరి.

సుడో ఎవరికి చెల్లుతుందో రాసి ఉండే సుడోయర్స్ ఫైల్‌ని నేరుగా నానో ఎడిటర్‌తో తెరిచి కామా ఒకటి తప్పు పెట్టినా సుడో మొరాయించవచ్చు. డెస్క్‌టాప్ ఉంటే పికెఎగ్జెక్ వైసుడో అని కొట్టండి, అది సుడోతో సంబంధం లేకుండా వేరే దారిలో అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. వైసుడో ఎందుకంటే, వాక్యం తప్పితే సేవ్ చేయనివ్వదు. సుడోయర్స్.డి డైరెక్టరీలో పెట్టే ఫైల్ పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని చదవనే చదవదు. అన్నీ సరిగ్గా రాసి, పేరు చివర .కాన్ఫ్ అని తగిలించి, రెండు రోజులు తల పట్టుకునేవాళ్లుంటారు.

ఒక్క కేసులో మాత్రం ఫార్మాట్ అన్నవాడితో నేనూ చేతులు కలుపుతాను. ఏదో ఫైల్ తెరుచుకోలేదని సిహెచ్‌మాడ్ -ఆర్ 777 / కొట్టినవాళ్ల మిషను. సుడో "నా ఓనరు రూట్ అయ్యుండాలి, సెట్‌యుఐడి బిట్ ఉండాలి" అని ఏడుస్తుంది. దాన్ని సిహెచ్‌మాడ్ 4755తో బాగుచేయొచ్చు, కానీ అలాంటి ప్రత్యేక అనుమతులున్న ఫైళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆర్‌పిఎం ప్యాకేజీలు వాడే మిషన్లలో (రెడ్ హ్యాట్ కుటుంబం) ప్యాకేజీ లెక్కల ప్రకారం అనుమతుల్ని తిరిగి పెట్టే ఆప్షనుంది, డెబియన్ వైపు అంత తేలిక దారి లేదు. డేటా కాపీ తీసుకుని కొత్తగా వేసుకోవడమే మేలు.

ఇవేవీ కావు, నిజంగానే పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు అనుకుందాం. అప్పుడు దాన్ని "కనుక్కోవడం" అనే ఆలోచన వదిలేయండి. ఈటీసీ డైరెక్టరీలో షాడో అనే ఫైలుంది, అందులో ఉండేది పాస్‌వర్డ్ కాదు, దాని హ్యాష్, వెనక్కి తిప్పలేని పిండి. పిండి నుంచి బియ్యపు గింజ చేయలేం. లినక్సుకి మూలమైన యునిక్స్ తొలినాళ్లలో ఆ హ్యాష్‌లు అందరూ చదవగలిగే ఫైల్లోనే ఉండేవి, పాస్‌వర్డ్‌లో ఎనిమిది అక్షరాలు దాటితే లెక్కలోకి వచ్చేవి కావు. యునిక్స్‌ని పుట్టించినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ పాత పాస్‌వర్డ్‌ని ఛేదించడం 2019లో గానీ కుదరలేదు, అదీ రోజుల తరబడి యంత్రాన్ని నడిపితే. తీరా చూస్తే అది చదరంగంలో మంత్రి ముందున్న బంటుని రెండు గళ్లు జరిపే ఎత్తు. ఎనిమిది అక్షరాల పాత హ్యాష్‌కే అంత తంటా అయితే, ఇప్పటి డెబియన్, ఉబుంటు వాడే యెస్‌క్రిప్ట్ హ్యాష్ మీద మీ ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టడం దండగ. పాతది తెలుసుకోనక్కర్లేదు, దాని చోట కొత్తది పెట్టడమే మన పని.

దానికి దగ్గరి దారి గ్రబ్, అంటే మిషను ఆన్ కాగానే లినక్సుని ఎక్కించే ప్రోగ్రామ్. మిషను ఆన్ చేసి, కంపెనీ బొమ్మ పోతుండగా యుఇఎఫ్ఐ (కొత్త రకం బయోస్) మిషనైతే ఎస్కేప్ ఒకటి రెండుసార్లు తట్టండి, పాత బయోస్ అయితే షిఫ్టు నొక్కి పట్టండి. ఎస్కేప్ ఎక్కువసార్లు కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ కమాండ్ లైన్లో పడతారు. కంగారొద్దు, నార్మల్ అని కొట్టి ఎంటర్ నొక్కి వెంటనే ఒక్కసారి ఎస్కేప్ కొడితే మెనూ వస్తుంది. మొదటి వరుస మీద నిలబడి ఇ అక్షరం నొక్కండి. ఒక చిన్న ఎడిటర్ తెరుచుకుంటుంది. బాణం కీలతో కిందికి దిగి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి వరుస పట్టుకోండి. అది తెర అంచు దగ్గర వంగి రెండు మూడు వరుసలుగా కనిపిస్తుంది, అయినా ఒకటే వరుస. ఎండ్ కీ కొడితే చివరికి వెళ్తుంది. అక్కడ ఆర్‌ఓ క్వైట్ స్ప్లాష్ అని ఉంటుంది. ఆ మూడూ చెరిపి, వాటి బదులు ఆర్‌డబ్ల్యు ఇనిట్=/బిన్/బ్యాష్ అని కొట్టండి. ఆర్‌డబ్ల్యుకి ముందొక ఖాళీ, తర్వాతొక ఖాళీ, ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ లేదు. కంట్రోల్-ఎక్స్ లేదా ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఈ ఒక్క బూటుకే, డిస్కు మీద ఏమీ రాయదు. తప్పు కొట్టినా రీబూట్ చేస్తే మొదటికి వస్తారు, అందుకని భయం లేకుండా ప్రయత్నించొచ్చు.

ఏం చేశామంటే, కెర్నల్ (లినక్సు గుండెకాయ) లేచాక మొట్టమొదట నడపాల్సిన ప్రోగ్రామ్ సిస్టమ్‌డి. దాని బదులు బ్యాష్ నడపమన్నాం. లాగిన్ అడిగేది సిస్టమ్‌డి లేపే సేవకులు, వాళ్లెవరూ ఇంకా నిద్ర లేవలేదు. కాబట్టి అడిగేవాడు లేడు, చివర్లో # గుర్తుతో రూట్ ప్రాంప్ట్ ఎదురుగా ఉంటుంది. జాబ్ కంట్రోల్ లేదని ఒక మాట అంటుంది, పట్టించుకోకండి. ఇప్పుడు పాస్‌డబ్ల్యుడి, పక్కన యూజర్ పేరు. ఓనరుకి ఆ పేరు కూడా గుర్తులేకపోతే ఎల్ఎస్ /హోమ్ కొడితే కనిపిస్తుంది. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది, కొట్టేటప్పుడు చుక్కలు కూడా పడవు.

ఇక్కడ ఎక్కువమంది ఆగిపోయే చోటు ఒకటుంది. "ఆథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్" అని వస్తుంది. పేరు చూసి పాస్‌వర్డ్‌కే ఏదో అయిందనుకుంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: డిస్కు చదవడానికి మాత్రమే మౌంట్ అయి (సిస్టమ్‌కి తగిలి) ఉంది, షాడో ఫైల్ తిరగరాయలేకపోయింది. ఆర్‌డబ్ల్యు అని పెట్టడం మరిచిపోయి ఉంటారు. మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యు / కొట్టి మళ్లీ పాస్‌డబ్ల్యుడి. రీమౌంటే ఒప్పుకోకపోతే ఫైల్‌సిస్టమ్ దెబ్బతిని ఉండొచ్చు, పెన్‌డ్రైవ్ మీద బూట్ చేసి ముందు ఫైల్‌సిస్టమ్‌ని బాగుచేసే ఎఫ్ఎస్‌సికె నడపాలి.

పని అయ్యాక ఎగ్జిట్ కొట్టకండి. బ్యాష్ ఇప్పుడు ఒకటో నంబరు ప్రాసెస్, అది పోతే "ఇనిట్‌ని చంపబోయారు" అని కెర్నల్ ప్యానిక్ అవుతుంది. సింక్ కొట్టి, ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్ అంటే మామూలు బూట్ కొనసాగుతుంది. అది మొండికేస్తే మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌ఓ / కొట్టి డిస్కుని నిమ్మళం చేసి పవర్ బటన్ నొక్కి పట్టండి.

లోపల ఉన్నప్పుడే ఒక చూపు చూడాల్సినవి రెండున్నాయి. షాడో ఫైల్లో ఆ యూజర్ వరుసలో రెండో గడి ఆశ్చర్యార్థకంతో మొదలైతే ఎవరో ఖాతాని కావాలని తాళం వేశారు, పాస్‌డబ్ల్యుడి -యు తీస్తుంది. సిహెచ్‌ఏజ్ -ఎల్ పేరు కొడితే గడువు తేదీ తెలుస్తుంది, ఖాతా గడువే తీరిపోతే కొత్త పాస్‌వర్డ్ పెట్టినా రానివ్వదు.

రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరా మిషన్లలో ఇదే పనిని ఇంకో రకంగా చేసే ఆనవాయితీ ఉంది. వరుస చివర ఆర్‌డి.బ్రేక్ పెడతారు. అసలు డిస్కు సిస్‌రూట్ అనే చోట రీడ్-ఓన్లీగా మౌంట్ అయ్యాక మిషను ఆగుతుంది. మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యు /సిస్‌రూట్, తర్వాత సిహెచ్‌రూట్ /సిస్‌రూట్, తర్వాత పాస్‌డబ్ల్యుడి. ఇంతవరకూ చేసి రీబూట్ చేసినవాడు, కొత్త పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టి కూడా గుమ్మం బయట నిలబడతాడు. అపరాధి ఎస్ఇలినక్స్, ఫైల్ మీదున్న ముద్రని బట్టి ఎవరు ముట్టుకోవచ్చో తేల్చే కాపలాదారు. పాస్‌డబ్ల్యుడి పాత షాడో ఫైల్‌ని దిద్దదు, కొత్త ఫైల్ రాసి పాతదాని చోట పెడుతుంది. అప్పటికి ఎస్ఇలినక్స్ పాలసీ ఇంకా ఎక్కలేదు కాబట్టి కొత్త ఫైల్‌కి షాడో_టి అనే ముద్ర పడదు. బూట్ అయ్యాక లాగిన్ ప్రోగ్రామ్‌ని ముద్ర లేని ఫైల్ ముట్టుకోనివ్వదు. పుస్తకాలు చెప్పే మందు టచ్ /.ఆటోరీలేబెల్. తర్వాతి బూట్‌లో డిస్కంతా ముద్రలు వేసుకుంటూ పోతుంది. ఫైళ్లు లక్షల్లో ఉంటే చాలాసేపు పడుతుంది, మధ్యలో హ్యాంగయిందనుకుని పవర్ తీసేవాళ్లున్నారు. నాకు నచ్చిన దారి వేరు: రీబూట్‌లో గ్రబ్ వరుస చివర ఎన్‌ఫోర్సింగ్=0 పెట్టి లోపలికి వచ్చి, రిస్టోర్‌కాన్ /ఈటీసీ/షాడో, తర్వాత సెట్‌ఎన్‌ఫోర్స్ 1. ఒక్క ఫైల్‌కి ముద్ర, అరనిమిషం పని.

కొన్ని వర్చువల్ మిషన్లలో ఆర్‌డి.బ్రేక్ పెట్టినా తెర మీద ఏమీ రాదు, చచ్చినట్టుంటుంది. వరుసలో కన్సోల్=టిటివైఎస్0 లాంటిది చివర ఉంటే ప్రాంప్ట్ సీరియల్ పోర్టులో మీకోసం ఎదురుచూస్తోందన్నమాట. ఆ ముక్క చెరిపి మళ్లీ ప్రయత్నించండి.

ఉబుంటులో ఇంత శ్రమ లేకుండా అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల రికవరీ మోడ్ ఉంది, అందులో రూట్ షెల్ ఎంచుకోవచ్చు. రూట్ పాస్‌వర్డ్ పెట్టని డెబియన్‌లో రెస్క్యూ మోడ్ మాత్రం రూట్ ఖాతా తాళం వేసి ఉందని చెప్పి అక్కడే ఆపేస్తుంది, ఇనిట్ దారే పట్టాలి.

కరెంటు పోయి వచ్చాక జరిగే తంతు వేరేగా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. వానాకాలం ఈదురుగాలికి లైను పోవడం కొత్తేమీ కాదు. యుపిఎస్ బ్యాటరీ బలహీనపడి ఉంటే మిషను ఒక్కసారిగా ఆగుతుంది, బిల్లుల బ్యాకప్ కోసం తగిలించిన రెండో డిస్కు ఆ దెబ్బకి లేవదు. బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా అయిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్కు పేరు ఉంది కాబట్టి సిస్టమ్‌డి 1 నిమిషం 30 సెకన్లు దానికోసం కాచుకుని, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో దింపుతుంది. అక్కడ "మెయింటెనెన్స్ కోసం రూట్ పాస్‌వర్డ్ ఇవ్వండి" అని అడగొచ్చు, లేదా రూట్‌కి తాళం వేసి ఉందని చేతులెత్తేయొచ్చు. ఎవరూ ఎప్పుడూ పెట్టని పాస్‌వర్డ్‌ని ఎక్కడినుంచి తెస్తాం? ఇక్కడ పోయింది పాస్‌వర్డ్ కాదని, డిస్కు అని తెలియాలి. ఇనిట్ దారిలో వెళ్లి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ వరుస ముందు # పెట్టండి. రెండో డిస్కు బాగయ్యాక ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చి తిరిగి పెట్టుకోండి, మళ్లీ అది లేవకపోయినా బూట్ ఆగదు.

గ్రబ్‌కి కూడా పాస్‌వర్డ్ ఉంటే, లేదా గ్రబ్బే పాడైతే, పెన్‌డ్రైవ్ దారి. 8 జీబీది చాలు, ఏదైనా లైవ్ లినక్సు వేసి దాని మీద బూట్ చేయండి. ఎల్ఎస్‌బిఎల్‌కె -ఎఫ్ కొడితే భాగాలు కనిపిస్తాయి. పాత డిస్కులో ఎస్‌డిఎ2 లాంటి పేరుంటుంది, కొత్త ఎస్ఎస్‌డిలో ఎన్‌విఎంఇ0ఎన్1పి2 లాంటిది. ఎల్‌విఎం (డిస్కుని వాల్యూములుగా పంచే పద్ధతి) ఉంటే ముందు విజిచేంజ్ -ఎవై. తర్వాత ఆ భాగాన్ని /ఎంఎన్‌టి మీద మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ మౌంట్ --బైండ్‌తో లోపలికి తగిలించి, సిహెచ్‌రూట్ /ఎంఎన్‌టి. అప్పుడే పాస్‌డబ్ల్యుడి. సిహెచ్‌రూట్ మరిచిపోతే మీరు మార్చేది పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్, రీబూట్ చేశాక అంతా మొదటికే. మౌంట్ చేసి చూస్తే ఈటీసీ, హోమ్ కనపడక @, @హోమ్ అనే రెండు డైరెక్టరీలే ఉంటే అది బిటిఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్, మౌంట్‌కి -ఓ సబ్‌వాల్=@ చేర్చాలి. ఫెడోరాలో ఆ పేరు రూట్.

మిగతా జాతులు త్వరగా. రాస్ప్‌బెరీ పైలో మెమరీ కార్డు తీసి ఏ విండోస్ మిషన్లోనైనా పెడితే బూట్ భాగంలో సిఎండిలైన్.టెక్స్ట్ దొరుకుతుంది, అందులో ఉన్న ఒకే ఒక్క వరుస చివర ఇనిట్=/బిన్/ఎస్‌హెచ్ చేర్చాలి. ఎంటర్ కొట్టి రెండో వరుసలో రాస్తే పనిచేయదు. పాస్‌వర్డ్ మార్చాక ఆ ముక్క తీసేయాలి, ఇది గ్రబ్‌లా ఒక్క బూటుతో పోదు. 2022 ఏప్రిల్ నుంచి పై అనే పాత యూజర్, రాస్ప్‌బెరీ అనే పాత పాస్‌వర్డ్ ముందే రావడం లేదు, వాటిని కొట్టి చూస్తూ కూర్చోకండి. ఫ్రీబిఎస్‌డిలో బూట్ మెనూలో 2 నొక్కితే సింగిల్ యూజర్, మౌంట్ -యు / తర్వాత పాస్‌డబ్ల్యుడి. మ్యాక్‌లో కొత్త యాపిల్ చిప్పులైతే పవర్ బటన్ నొక్కి పట్టి రికవరీలోకి వెళ్లి, టెర్మినల్లో రీసెట్‌పాస్‌వర్డ్. అద్దె సర్వర్ అయితే కంపెనీ వాళ్ల పేజీలో కన్సోల్ ఉంటుంది, లేదా ఆ డిస్కుని ఊడదీసి ఇంకో సర్వర్‌కి తగిలించి పైన చెప్పిన సిహెచ్‌రూట్ పనే.

ఇక్కడికి వచ్చేసరికి చదివేవాళ్లకి సహజంగానే కోపం వస్తుంది. ఇంత తేలికా? ఎవడైనా వచ్చి మూడు మాటలు చెరిపి రూట్ అయిపోతే లినక్సు భద్రం అనే మాటకి అర్థమేమిటి? నా జవాబు: లాగిన్ పాస్‌వర్డ్ నెట్‌వర్క్ వైపు నుంచి వచ్చేవాడికీ, పక్క సీటువాడికీ అడ్డం. మిషను ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నవాడికి కాదు, వాడు డిస్కు విప్పుకుపోగలడు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా మామూలు గ్రబ్‌లో ఈ వరుస మార్చుకోవచ్చు. గ్రబ్ పాస్‌వర్డ్ పెడితే? 2015 డిసెంబర్‌లో ఒక లోపం బయటపడింది: యూజర్ పేరు అడిగినచోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే గ్రబ్ రెస్క్యూ షెల్ ఇచ్చేసేది. సరిచేశారు లెండి. గ్రబ్ తాళం వద్దనను, కాలేజీ ల్యాబుల్లో అవసరమే. అది గొళ్లెం లాంటిదని తెలిసి వేసుకోవాలి.

నిజమైన గోడ డిస్కు ఎన్‌క్రిప్షన్. లక్స్ అనే లినక్సు ఎన్‌క్రిప్షన్ పెట్టిన డిస్కు పాస్‌ఫ్రేజ్ పోతే పైన రాసిందేదీ పనికిరాదు. కెర్నల్ వరుస మార్చినా, పెన్‌డ్రైవ్ పెట్టినా, చివరికి ఆ డిస్కుని తెరిచే క్రిప్ట్‌సెటప్ అదే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. "తీసిస్తాం" అని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి. ఒక్క ఆశ ఇది: లక్స్2లో 32 దాకా తాళంచెవుల గదులుంటాయి, పాతదైన లక్స్1లో 8. పెట్టినవాడు రెండో గదిలో ఇంకో చెవి వేసి ఉండొచ్చు, ఫోన్ చేసి అడగాల్సింది అదే. మిషను ఇంకా ఆన్‌లో ఉండి, తెరిచిన సెషన్ ఏదైనా మిగిలి ఉంటే ఆఫ్ చేయకండి. ముందు డేటా బయటికి కాపీ చేయండి, ఆఫ్ చేస్తే ఆ తలుపు ఇక తెరుచుకోదు.

ఇంకొందరు చిట్కాగా ఏదో పాత లోపం వాడుకుని రూట్ అయ్యే ప్రోగ్రామ్ దింపుకోమంటారు. పికెఎగ్జెక్‌లో 2009 నుంచి దాగి 2022 జనవరిలో బయటపడిన లోపం అలా బాగా తిరిగింది. మీ మిషను దానికి లొంగిందంటే సంతోషించాల్సిన పని లేదు, అన్నాళ్లుగా అప్‌డేట్ చేయలేదని అర్థం. పైగా ముక్కూ మొహం తెలియనివాడు రాసిన ప్రోగ్రామ్‌ని రూట్‌గా నడపడం. చేతిలో మిషను ఉన్నప్పుడు గ్రబ్ దారి ఉండగా దొడ్డిదారి దేనికి?

మిషను మీది కాకపోతే ఇవేవీ చేయకండి. సమాచార సాంకేతిక చట్టం 2000లో 43, 66 సెక్షన్లు ఉన్నాయి. అనుమతి లేకుండా దురుద్దేశంతో వేరొకరి కంప్యూటర్లోకి చొరబడితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. రిపేరు చేసేవాళ్లు ఓనరు చేత ఒక కాగితం మీద సంతకం తీసుకోవడం మంచి అలవాటు, వాట్సాప్ మెసేజైనా మేలే.

పాస్‌వర్డ్ మారాక రెండు ఫిర్యాదులు రావచ్చు. బ్రౌజరో, వైఫైయో పాత పాస్‌వర్డ్ అడుగుతుంది. లాగిన్ కీరింగ్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) ఇంకా పాత పాస్‌వర్డ్‌తోనే మూసి ఉంది, అది దొరికే దారి లేదు కాబట్టి ఆ కీరింగ్ తీసేయడమే, అందులో దాచినవి పోతాయి. రెండోది, ఉబుంటు 18.04కి ముందు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హోమ్ డైరెక్టరీని ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్ ఉండేది. అది పెట్టిన మిషన్లో రూట్‌గా పాస్‌వర్డ్ మార్చినా హోమ్ తెరుచుకోదు. అలాంటి డిస్కుని మాత్రం ఫార్మాట్ కొట్టకుండా అలాగే దాచండి, పాత పాస్‌వర్డ్ ఎప్పటికైనా గుర్తొస్తే ఫైళ్లు ఇంకా అక్కడే ఉంటాయి.

ఆటోనగర్ కొట్టులో పని పూర్తయింది అనుకుందాం. వెళ్లేముందు ఓనరు పేరుతో రెండో అడ్మిన్ ఖాతా ఒకటి చేయండి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, జీఎస్టీ కాగితాలుండే బీరువాలో పెట్టమనండి. మానిటరు మీద అతికించొద్దని రెండుసార్లు చెప్పండి. ఇంక ఇప్పుడు మీరు పనిచేస్తున్న టెర్మినల్ మూయకుండా, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్4 నొక్కి కొత్త తెరలో ఆ ఓనరు ఖాతాతోనే లాగిన్ అవ్వండి. సుడో -కె కొట్టండి, గుర్తుపెట్టుకున్నది మరిచిపోతుంది. తర్వాత సుడో -వి. పాస్‌వర్డ్ అడిగి, ఒక్క మాటా మాట్లాడకుండా కొత్త వరుసకి వస్తే, అప్పుడు పాత టెర్మినల్ మూసేయండి.